రెండోసారి అడగని మనిషి

బాతు మాంసం మూడు ప్లేట్లు వెనక్కి వచ్చాయి.

మూడూ ఏడో నంబరు టేబుల్ నుంచే. ఫోర్కు, చాకు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. అంటే తినడం అయిపోయిందని లెక్క. మాంసం మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది.

కిచెన్ తలుపు తోసుకుని ఒక కుక్ బయటికి వచ్చాడు. "ఏడో టేబుల్ ఎవరిది?" అన్నాడు ఇంగ్లీషులో.

"నాదే," అంది బాలత్రిపురసుందరి, తనూ ఇంగ్లీషులోనే. ఆమె బ్యాడ్జి మీద 'బాల' అని మాత్రమే ఉంది. మిగతా పేరుకి అందులో చోటు చాలలేదు.

"డక్ ఎందుకు తినలేదట?"

"కడుపు నిండిందట."

"ఏడు కోర్సుల భోజనం ఇది. ఐదోదానికే ఎలా నిండుతుంది?"

ఆమె ప్లేట్లు ఎత్తుకుంటూ, "ఆకలి వాళ్ళదా, ఈయనదా?" అని తెలుగులో గొణిగింది.

"ఆకలి వాళ్ళదే. బాతు నాది," అన్నాడతను, తెలుగులో.

ప్లేట్లు చేతిలోంచి జారలేదు గాని, జారినంత పనయింది.

అది 2022 మే నెల, కెనడాలో. హామిల్టన్‌లో బస్సెక్కితే నలభై నిమిషాలకు థార్న్‌బ్రిడ్జ్ వస్తుంది. రాతి చర్చి, వాగు, వాగు మీద వంతెన, క్రికెట్ మైదానం. ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్ళు తమ పల్లెను తలుచుకుని కట్టుకున్న ఊరు. జనాభా నాలుగు వేలు. ఫైన్ డైనింగ్ రెస్టారెంట్లు మూడు. టొరంటో వాళ్ళు కార్లేసుకుని మధ్యాహ్న భోజనానికి వస్తారు, మూడు గంటలు కూర్చుంటారు.

బాల హామిల్టన్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతోంది. ఆ రెస్టారెంట్‌లో చేరి పది రోజులైంది. మొదటి నెల ట్రయల్. షెఫ్ టోనీకి నచ్చితే ఉంచుతాడు, లేకపోతే లేదు.

కుక్ పేరు ఆండ్రూ. బాపట్ల అతను. అదే కాలేజీలో చదువు ముగించి, వర్క్ పర్మిట్ మీద రెండేళ్ళుగా ఆ కిచెన్‌లో ఉన్నాడు.

సర్వీసు అయ్యాక అతను ఆమెను బ్రెడ్ బల్ల దగ్గరికి పిలిచాడు.

"ఏడో టేబుల్‌కి బ్రెడ్ రోల్స్ ఎన్ని పెట్టారు?"

"పెద్దావిడ నాలుగు తిన్నారు. ఆయన ఐదు. వాళ్ళమ్మాయి మూడు."

"మనిషికి ఒకటే కదా."

"ఒక్కటి ఎలా వడ్డిస్తామండీ? ఎవరికైనా ఒక్కటే పెడతారా?"

"సరే, రెండు. తర్వాతవి?"

"ఇంకోటి వేసుకోండి అన్నాను. నో థాంక్యూ అన్నారు. మొహమాటపడుతున్నారని మళ్ళీ అడిగాను."

"మళ్ళీ?"

"మళ్ళీ వద్దన్నారు. మూడోసారి ఏమీ అనలేదు. వేశాను."

ఆండ్రూ బల్ల అంచు పట్టుకుని కాసేపు తల దించుకున్నాడు. నవ్వుతున్నాడని ఆమెకు భుజాలు చూస్తే తెలిసింది.

"మీది గోదావరి జిల్లానా?"

"భీమవరం. ఎలా తెలిసింది?"

"ముగ్గురు కెనడా వాళ్ళ చేత పన్నెండు రోల్స్ తినిపించారు. ఇంకెవరి వల్ల అవుతుంది?"

"నవ్వకండి. నా ఉద్యోగం పోయేలా ఉంది."

"చూడండి. ఇక్కడ ఒక్కసారే అడగాలి. వాళ్ళు చెప్పింది నమ్మాలి. రెండోసారి అడిగితే మర్యాద కాదు, పెత్తనం."

"మా ఇంట్లో రెండోసారి అడక్కపోతే అవమానం."

"మీ ఇంట్లో టిప్పు ఇవ్వరుగా."

అప్పుడే టోనీ వచ్చాడు. డక్ ఎందుకు వెనక్కి వచ్చిందని అడిగాడు. బాల నోరు తెరిచేలోపు ఆండ్రూ చెప్పాడు: "బ్రెడ్ ఎక్కువైంది షెఫ్. నేనే ఎక్కువ పంపాను."

టోనీ అతని వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, వెళ్ళిపోయాడు.

నెల గడిచింది. ఉద్యోగం నిలిచింది. ఒకసారి అడగడం, నమ్మడం బాలకు అలవాటైంది. పని నాలుగింటికి అయిపోతే ఐదూ పదికి బస్సు. ఆండ్రూ కూడా అదే బస్సు. ఎక్కేముందు టిష్యూలో చుట్టిన పొట్లం ఒకటి ఇచ్చేవాడు. మిగిలిన రోల్స్. ఎప్పుడూ రెండు.

"ఒక్కటి ఇవ్వకూడదటగా," అన్నాడు మొదటిసారి ఇచ్చినప్పుడు.

ఆమె ఒకటి బస్సులో తినేది. రెండోది బేస్‌మెంట్‌లోని తన గదికి తీసుకెళ్ళి మర్నాడు పొద్దున తినేది. గట్టిపడి ఉండేది. అయినా పారేయలేదు.

జూన్‌లో ఒక శుక్రవారం బస్టాపులో వాన పట్టుకుంది. ఆండ్రూ దగ్గర గొడుగు ఉంది. అది ఆమె మీదే పట్టాడు. అతని ఎడమ భుజం తడుస్తోంది. ఆమె అతని వైపు జరిగింది. అతను మర్యాదగా అటు జరిగాడు. ఇప్పుడు ఎడమ భుజమే కాదు, వీపు కూడా తడుస్తోంది.

"వాగవతల పాత మిల్లులో రెస్టారెంట్ ఉంది కదా," అన్నాడు. "సోమవారం వాళ్ళు ఈ ఊరి కిచెన్ల వాళ్ళని భోజనానికి పిలుస్తారు. నాకు రెండు సీట్లిచ్చారు. మీరొస్తారా?"

బాల గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంది. నోరు మాత్రం పుట్టి పెరిగిన ఊరి నోరు.

"అయ్యో, నేనెందుకండీ. వద్దులెండి."

"సరే," అన్నాడు ఆండ్రూ.

బస్సు వచ్చింది. ఎక్కారు. ఇప్పుడు మళ్ళీ అడుగుతాడనుకుంది. వంతెన దాటారు. నీలం డ్రెస్సు వేసుకుందామనుకుంది. హైవే ఎక్కారు. నీలం వద్దు, ఆకుపచ్చది. అతను బాతు చర్మాన్ని చిన్నమంట మీద ఎంతసేపు ఉంచాలో చెబుతున్నాడు. హామిల్టన్ వచ్చింది. దిగారు. "ఉంటానండీ," అని వెళ్ళిపోయాడు. గొడుగు మాత్రం ఆమెకే ఇచ్చి వెళ్ళాడు.

మర్నాడు అమ్మ శకుంతల ఫోన్ చేసింది. బాల సంగతి చెప్పింది, పేరు చెప్పకుండా.

"భోజనానికి పిలిచి ఒక్కసారే అడిగాడా?" అంది శకుంతల.

"ఒక్కసారే."

"ఏ ఊరు వాళ్ళది?"

"బాపట్ల."

"అలా చెప్పు." ఫోన్లో కాసేపు గరిటె చప్పుడు. తర్వాత, "నీకు వెళ్ళాలనుందా?" అంది.

బాల మూలనున్న గొడుగు వైపు చూసింది.

"నేనూ ఒక్కసారే అడుగుతున్నాను," అంది శకుంతల.

"ఉందమ్మా."

"మరి ఆ ముక్క నాకెందుకు చెప్తున్నావే?"

బాల ఆ ముక్క ఆండ్రూకి చెప్పలేకపోయింది. సోమవారం అతను తన రూమ్మేట్ దీపక్‌ని తీసుకెళ్ళాడు. దీపక్‌ది కరీంనగర్. థార్న్‌బ్రిడ్జ్ బస్టాపు పక్కన కాఫీ షాపులో పని చేస్తాడు. ఆ శనివారం పొద్దున బాల కాఫీకి వెళ్తే అతనే చెప్పాడు.

"ఏడు కోర్సులు తిన్నం. ఇంటికొచ్చి మ్యాగీ చేస్కున్నం."

"బాగుందా?"

"మ్యాగీ మంచిగుండె." కప్పు మీద మూత పెట్టి ఆమె వైపు తోశాడు. "ఆడ మూడు గంటలు నీ ముచ్చట్లే చెప్పిండు. నువ్వు రానన్నవని ముఖం గింతయింది."

"మళ్ళీ అడుగుతారనుకున్నాను."

"వాడా? రెండేండ్ల సంది గదే కిచెన్ల ఉన్నడు. ఒకసారి వద్దంటే ఇగ నోరు తెర్వడు. గా సోమవారమే బాన్ఫ్‌ల ఉద్యోగానికి అప్లై చేసిండు. గుట్టలల్ల పెద్ద రెస్టారెంట్. రమ్మన్నరు. రేపటి లోపల చెప్పాల్నంట."

కాఫీ చేతిలో ఉండగానే చల్లారింది. బాన్ఫ్ ఎంత దూరమో ఫోన్లో చూసింది. విమానంలో నాలుగు గంటలు, తర్వాత బస్సు.

ఆ రోజు అడుగుదామని మూడుసార్లు కిచెన్ తలుపు దాకా వెళ్ళింది. మూడుసార్లూ నీళ్ళ జగ్గు నింపుకుని వచ్చింది.

ఆదివారం. పదకొండింటికి స్టాఫ్ అంతా కలిసి తింటారు, పన్నెండింటికి గెస్టులు వస్తారు. ఆ పూట వంట ఆండ్రూది. ముందురోజు మిగిలిన రోల్స్ తుంచి ఉప్మా చేశాడు. ఆవాలు, పచ్చిమిర్చి, టొరంటో దగ్గరి స్కార్‌బరో నుంచి తెచ్చుకున్న కరివేపాకు. టోనీ రెండుసార్లు పెట్టించుకున్నాడు.

ఆండ్రూ గరిటెతో బాల దగ్గరికి వచ్చాడు. ఒక గరిటె వేశాడు.

"చాలండీ," అంది ఆమె.

అతను ఆగిపోయాడు. గరిటె వెనక్కి తీసుకున్నాడు. పక్క మనిషి దగ్గరికి కదిలాడు.

"ఆండ్రూ గారూ."

తిరిగాడు. ఆమె ప్లేటు ముందుకు చాపి ఉంది.

"చాలలేదు. ఇంకా కావాలి."

"చాలన్నారుగా."

"తప్పు చెప్పాను. ఆ రోజు బస్టాపులో కూడా తప్పే చెప్పాను. నాకు రావాలని ఉంది. మళ్ళీ అడుగుతారని హామిల్టన్ దాకా ఎదురుచూశాను."

ఆండ్రూ గరిటెలోంచి ఉప్మా బల్ల మీద రాలుతోంది.

"నేనే కదా మీకు చెప్పింది," అన్నాడు చివరికి. "రెండోసారి అడక్కూడదని."

"చెప్పారు. కస్టమర్ల గురించి."

"మీ దగ్గర ఇంకా భయం. కస్టమర్ వద్దంటే ప్లేటే కదా వెనక్కి వచ్చేది."

ఆమె ప్లేటు దించలేదు.

"బాన్ఫ్ వెళ్ళాలని ఉంటే వెళ్ళండి. ఆపను. నేను రానన్నానని మాత్రం వెళ్ళకండి. మీరంటే నాకు ఇష్టం. ఇది ఎవరూ అడక్కుండానే చెబుతున్నాను."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళకి ఒక్క ముక్క తెలుగు రాదు. అయినా అందరూ తినడం ఆపారు.

"దేని గురించి బేరం?" అన్నాడు టోనీ.

"సెకండ్ హెల్పింగ్ గురించి షెఫ్," అన్నాడు ఆండ్రూ, ఆమె మీంచి చూపు తిప్పకుండా. తర్వాత తెలుగులో, నెమ్మదిగా, "నాకూ ఇష్టమే. పన్నెండు రోల్స్ రోజు నుంచి," అన్నాడు. రెండు గరిటెలు వేశాడు. ప్లేటు నిండింది.

ఆ సాయంత్రం బస్సులో అతను బాన్ఫ్ వాళ్ళకి రావడం లేదని మెయిల్ రాశాడు. మూడు వాక్యాలు. పంపేముందు ఆమెకు చూపించాడు. ఆమె ఒక స్పెల్లింగ్ దిద్దింది.

జూలైలో మిల్లు వాళ్ళు మళ్ళీ పిలిచారు. బాల ఆకుపచ్చ డ్రెస్సు వేసుకుంది. కిటికీ పక్క టేబుల్. బయట వాగు, సన్నగా వాన. సర్వర్ బ్రెడ్ బుట్ట తెచ్చి ఒక్కొక్క రోల్ పెట్టింది. కాసేపయ్యాక మళ్ళీ వచ్చి, ఇంకోటి కావాలా అని బాలను అడిగింది.

"నో థాంక్యూ," అంది బాల, అలవాటుగా.

సర్వర్ వెళ్ళిపోయింది. బాల నాలిక కరుచుకుంది.

ఆండ్రూ తన ప్లేట్లో ముట్టని రోల్ తీసి ఆమె ప్లేట్లో మొదటిదాని పక్కన పెట్టాడు.

"అయ్యో, మీకో?"

"ఒకసారి వద్దన్నావు," అన్నాడు. మీరు ఎప్పుడు నువ్వు అయిందో ఇద్దరూ గమనించలేదు. "నిజంగా వద్దా?"

ఆమె రోల్ తుంచి సగం అతని ప్లేట్లో పెట్టింది. సగం తను తింది.

ఐదో కోర్సుకి బాతు వచ్చింది. ఆ టేబుల్ నుంచి రెండు ప్లేట్లూ ఖాళీగా కిచెన్‌కి వెళ్ళాయి.