న్యారాడ్జో కథలో కొండముచ్చు

మస్వింగో ఊరి చివర ఆరుబయట విందు. కట్టెల మంట పక్కన న్యారాడ్జో చెబుతున్న కథ మంచి పట్టులో ఉండగా, హరారే నగరం నుంచి కొత్తగా వచ్చిన తవెంగ్వా బొటనవేళ్లతో మీటే తన ఎంబిరా అందుకున్నాడు. ఆ ఇనుప పలకల మోతలో కథ కాస్తా మునిగిపోయింది.

"ఏమయ్యా హరారే బాబూ, నీ బొటనవేళ్లకి మీ అమ్మ సిగ్గు నేర్పలేదా?" అంది న్యారాడ్జో.

"జనం ఆవలిస్తుంటే కథ అయిపోయిందనుకున్నా."

అందరూ నవ్వారు. న్యారాడ్జో మేనత్త అతని ముందు సంకటి ముద్ద, వేయించిన గొంగళి పురుగులు పెట్టింది. అతను పురుగుల్ని మెల్లగా కంచం అంచుకు తోశాడు. న్యారాడ్జో కంట అది పడనే పడింది. వెంటనే ఇంకో కథ ఎత్తుకుంది.

"అనగనగా ఒక కొండముచ్చు."

"ఊఁ, చెప్పు" అన్నారు జనం.

"పిల్లను చూడ్డానికి పోయింది. పురుగులంటే భయం. మాటలు రావు గనక ఎంబిరా వాయించింది. పిల్ల చెవులు మూసుకుంది."

జనం పొట్టలు పట్టుకున్నారు. తవెంగ్వా ఎంబిరా చంకన పెట్టుకుని చెట్ల వైపు నడిచాడు.

ఇక కథలో పాట రావాలి. న్యారాడ్జో ఒక్కతే ఎత్తుకుంది. రెండో చరణానికే శ్రుతి జారిపోయింది.

"ఆ అబ్బాయిని పిలవండర్రా, మేక అరుస్తోంది" అన్నాడో ముసలాయన.

ఆమె పాట ఆపి చెట్ల దగ్గరికి వెళ్లింది.

"కోపమా?"

"కొండముచ్చుకి కోపమేమిటి?"

"వచ్చి వాయించు. నా పరువు పోతోంది." ఆమె గొంతు తగ్గింది. "ఇందాక నువ్వు మొదలెట్టగానే నేను కథ మర్చిపోయాను. అందుకే అరిచాను."

అతను ఎంబిరా చంకలోంచి తీశాడు. "నేనొచ్చిందే నీ కోసం. పోయిన నెల సంతలో నీ కథ విన్నా. కుందేలు చచ్చిపోతే ఏడ్చాను."

"కుందేలు చావలేదు కదా?"

"ఏడుపాగక మధ్యలోనే లేచి వెళ్లిపోయా."

న్యారాడ్జోకి నవ్వు ఆగలేదు. తుడుచుకున్నవి నవ్వుతో వచ్చిన నీళ్లో కావో ఆమెకే తెలియాలి.

ఇద్దరూ తిరిగొచ్చారు. అతను వాయించాడు, ఆమె గొంతు కుదుటపడింది. ఎవరూ అడక్కుండానే కథలో కొండముచ్చుకి పెళ్లి చేసేసింది.

"పిల్ల ఒప్పుకుంది సరే, మేనత్తని అడిగారా?" అంది అత్త, గరిటె పట్టుకునే.

తవెంగ్వా ఆవిడ ముందు గొంతుక్కూర్చుని, అక్కడి మర్యాద ప్రకారం చేతులు చరిచాడు. "అడుగుతున్నా, అత్తా."

"కొండముచ్చు తరఫునా?"

"నా తరఫునే."

అత్త మేనకోడలి వైపు తిరిగింది.

"ఒప్పేసుకో అత్తా," అంది న్యారాడ్జో. "నేను చెట్ల దగ్గరే ఒప్పేసుకున్నాను."