ఏటి ఒడ్డు ఇంట్లో బొగ్గు గీత

"దెయ్యమా?" అని సుధర్మన్ మాస్టారు పగలబడి నవ్వాడు చూడండి... సరిగ్గా అప్పుడే నాకు భయం మొదలైంది.

దెయ్యానికి భయపడి కాదు. ఆయన నవ్వినందుకు.

మొదట్నించి చెప్తా. మా మామయ్య కురియాకోస్ ఇళ్లు అమ్మిపెడతాడు. డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఖాళీగా కూర్చున్న నన్ను ఆయనే పనిలో పెట్టుకున్నాడు. అమ్మా నేనూ ఉండేది కూడా ఆయనింట్లోనే. ఫోటోలు తీసి, నాలుగు మంచి మాటలు రాసి నెట్‌లో పెట్టడం నా పని.

కేరళలో ఆలువా ఊరు దాటాక పెరియార్ నది ఒడ్డున ఒక కాలనీ ఉంది. అందులో చిట్టచివరి ఇల్లు మాకు అమ్మకానికి వచ్చింది. పొద్దుగూకాక అటు ఎవరూ పోరు. ముందు గదిలో గోడ మీద రాత్రికి రాత్రి ఒక నల్ల గీత పడుతుందట. ఎన్ని పూతలు వేసినా... తెల్లారేసరికి మళ్లీ అక్కడే.

అస్సాం నుంచి వచ్చిన దిగంత అనే పెయింటర్ ఒక రాత్రి అందులోనే పడుకున్నాడు. అతను మామయ్యకి చెప్తుంటే నేను విన్నా.

రెండింటికి మెలకువ వచ్చిందట. చీకటి. నది చప్పుడు తప్ప ఏమీ లేదు. అంతలో పక్క గదిలో — స్ర్... స్ర్... — గోడని ఎవరో మెల్లగా గోకుతున్నట్టు. ఈ మూల నుంచి ఆ మూలకి. ఆగింది. ఒక నిట్టూర్పు... తర్వాత వంటింటి వైపు కాళ్లీడ్చుకుంటూ వెళ్తున్న చప్పుడు. దుప్పట్లో బిగుసుకుపోయాడు. తెల్లారి చూస్తే సరిగ్గా ఆరని పెయింట్ మీద గీత, అతని తల కన్నా జానెడు పైన!

బ్రష్షులు కూడా వదిలేసి రైలెక్కాడు.

"పిరికి సన్నాసి. చెమ్మ దిగిన మరకది" అన్నాడు మామయ్య.

"వరద మరకేమో మామయ్యా?"

"2018లో వచ్చిన ఆ పెద్ద వరదలో నడుం ఎత్తే వచ్చాయే నీళ్లు. గీత ఎక్కడుంది, నడుం ఎక్కడుంది? పనిచూసుకో."

నిజమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా.

ఇంటి గురించి నేను రాసినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. తలుపు తీస్తే నది. సాయంత్రం రేవు మెట్ల మీద కూర్చుని టీ తాగుతుంటే గాలి చెంపలు నిమురుతుంది. పొద్దున్నే చేపల పడవ మెట్ల దాకా వస్తుంది. రాత్రి పడుకుంటే అవతలి ఒడ్డు చర్చి దీపాలు నీళ్లలో ఊగుతూ కనిపిస్తాయి. కొచ్చి పక్కనే ఉన్నా హారన్ మోత వినపడదు. నాకే స్తోమత ఉంటే నేనే కొనేదాన్ని, ఒట్టు.

అది చదివే ఎక్కడో ఉత్తరాన ఉన్న కాసరగోడ్ నుంచి వచ్చారు మాస్టారూ, వాళ్లావిడ ప్రసీదా. ఆయన తల్లికి పక్షవాతం, మంచం దిగలేదు. "అమ్మకి ఈ కింది గది ఇద్దామండీ. కిటికీలోంచి నది చూస్తూ పడుకుంటుంది" అంది ప్రసీద. ఆవిడ మొహం వెలిగిపోయింది.

అప్పుడే మాస్టారి కళ్లు గోడ మీద పడ్డాయి. "ఈ గీతేంటి? నీళ్లు గానీ ఇక్కడిదాకా..."

మామయ్య నా మోచెయ్యి గిల్లాడు.

"అది... దెయ్యం గీస్తుందంటారు సార్" అన్నా. ఎలా వచ్చిందో నోట్లోంచి! "అందుకే ధర తక్కువ."

అంతే. పగలబడి నవ్వాడాయన. "డ్రాయింగ్ మాస్టారు దెయ్యమా? ముప్పై ఏళ్లుగా ఊరూరా తిరిగి దెయ్యాల్లేవని పిల్లలకి చెప్తున్నవాణ్ణి నేను. ప్రసీదా, ఇదే తీసుకుంటున్నాం! అదొస్తే సైన్సు పాఠం చెప్పి పంపిస్తా."

అడగబోయిన ప్రశ్న మాత్రం మళ్లీ అడగలేదు.

బయటికొచ్చాక మామయ్య నా భుజం తట్టాడు. "నువ్వు బాగుపడతావే జిన్సీ."

రేపు పదిన్నరకి రిజిస్ట్రేషన్. దానికి ముందు మాస్టారు ఇంకోసారి ఇల్లు చూస్తానన్నాడు. నిన్న మళ్లీ పెయింట్ వేయించాం. గీత పడకుండా కాపలా ఉండమని ఈ రాత్రి మామయ్య నన్నే పంపాడు.

ముందు గదిలో ఎదురు గోడకి ఆనుకుని కూర్చున్నా. పదకొండున్నరకి కరెంటు పోయింది.

వంటింటి తలుపు... తాళం తిరిగిన చప్పుడు.

కాళ్లీడ్చుకుంటూ ఎవరో నా ముందు నుంచే వెళ్లారు. తడి మట్టి వాసన. ఆ తర్వాత — స్ర్... స్ర్...

ఫోన్ లైట్ వేశా.

తెల్ల రవికె, పంచె — చట్టా ముండు — కట్టుకున్న ఒక ముసలమ్మ. మునివేళ్ల మీద నిలబడి, చెయ్యి బారుగా చాపి, కొబ్బరి చిప్ప బొగ్గుతో గీస్తోంది. పక్కింటి అన్నక్కుట్టి! పిచ్చిదని కాలనీ అంతా అనే ఆవిడ.

"ఆర్పు. కళ్లు పోతున్నాయి" అంది.

"అమ్మమ్మా... మీరా? దెయ్యం అంటున్నారందరూ!"

"అననీ. వరద సంగతి నోటితో చెప్పినన్నాళ్లూ పిచ్చిదన్నారు. నీ వల్ల మా ఇళ్లు అమ్ముడుపోవట్లేదని తిట్టారు. అందుకే చెప్పడం మానేసి గీస్తున్నా."

"తాళంచెవి ఎక్కడిది?"

"ఇంతకుముందు ఈ ఇంట్లో ఉన్న ముసలామెని చూసుకున్నదాన్ని. మంచంలో ఉండేది, ఈ గదిలోనే. ఆ రాత్రి నీళ్లొచ్చాక తలుపు తెరుచుకోలేదు. కిటికీ ఊచల్లోంచి చెయ్యి పట్టుకున్నా... ఎంతసేపని పట్టుకోను?"

అప్పుడు నేనేం అడిగానో తెలుసా? సిగ్గేస్తోంది చెప్పడానికి. ఏదో ఒక మూల అది అబద్ధం కావాలని ఆశ. "అయితే నీళ్లు నిజంగా... ఈ గీత దాకా వచ్చాయా?"

ఆవిడ నా వైపు జాలిగా చూసింది.

"లేదు మోళే, లేదు తల్లీ. నా చెయ్యి అంతవరకే అందుతుంది."

అని... బొగ్గు పట్టుకున్న వేలు పైకెత్తింది. లైటు అటు తిప్పాను. సీలింగ్ ఫ్యాన్. దాని రెక్కల మీద, కొక్కెం చుట్టూ, ఎవరూ పెయింట్ వెయ్యని చోట — ఎండిన ఎర్ర ఒండ్రు.

ఇప్పుడు టైము రెండు. ఇంటికొచ్చేశా. పక్క గదిలో మామయ్య గురక వినిపిస్తోంది. మాస్టారికి ఫోన్ చేస్తే రేపట్నించి అమ్మా నేనూ ఎక్కడుంటామో తెలీదు. చెయ్యకపోతే ఆయన తల్లి మంచం వచ్చే వారమే ఆ గదిలోకి వస్తుంది. వానాకాలానికి ఇంకా నెలన్నరే ఉంది.

నేను గీత తుడిచొచ్చానా, ఉంచొచ్చానా అని అడక్కండి. తుడిచే వచ్చాను. గుడ్డ ఇంకా బ్యాగులోనే ఉంది.

ఎవరైనా మేలుకుని ఉన్నారా? మాస్టారిని ఇప్పుడే లేపాలా? ఏమని మొదలుపెట్టాలి?... మీరైతే ఏం చేస్తారు?