బోరు పైపుల నడక

బెళుగుప్పలో మా ఇంటి ముందర గుంజలు పాతి, నడుమెత్తున రెండు ఇనుప పైపులు పక్కపక్కన బిగించినా. పక్షవాతం వచ్చి మా నాయన రంగన్నకు ఎడమ కాలు పడిపోయింది. "రెండు పక్కలా పట్టుకొని దినామూ నడవాల. లేకుంటే ఇంక మంచం పట్టినట్టే" అని కసరత్తులు చేయించే కృపాకుమారి మేడం చెప్పింది. ఎండిపోయిన మా చేని బోరులోంచి పీకిన పైపులు ఊరికే పడుండాయి కదా అని, అవే తెచ్చినా.

నాయన వాటిని పట్టుకోడు.

"ఈ పైపు వణుకుతాండాదిరా."

"వణికేది నీ చెయ్యి, పైపు కాదు! సాకులు చెప్పొద్దు."

నాకు ఒళ్ళు మండేది. చేని పనులు వదిలి నేను ఈయన చుట్టూ తిరగాల, ఈయనేమో చిన్నపిల్లోని మాదిరి మొండికేస్తాడు. "మెల్లగా చెప్పు, ముసలాయన" అన్నందుకు నా భార్య అరుణజ్యోతి మీద గూడా అరిచినా.

ఒక మాపటేళ కరెంటు పోయింది. గాలి లేదు. తుప్పు వాసన, దుమ్ము వాసన. నాయన చేతులు బలవంతంగా పైపుల మీద పెట్టించి, వెనక నిలబడినా.

"లోపల ఎవరో తడతాండారు..." అని గుసగుసలాడినాడు.

"ఏమీ లేదు. అడుగెయ్."

అప్పుడు నేనూ విన్నా. టక్... టక్... పైపుకు చెవి ఆనించినా. యాడనో లోతులో నీళ్ళు కదిలినట్టు... ఆ వెనకనే, మెల్లగా...

"రా..."

నాయన అడుగేసినాడు. పడిపోయిన ఎడమ కాలుతో.

ఇంకొక అడుగు. ఇంకొకటి. "అట్లే నాయనా, అట్లే!" అని సంతోషంతో అరిచినా. పైపులు అయిపోయినాయి. నాయన ఆగలేదు. చేతులు వదిలేసి, బోరుండే చేని దోవ పట్టినాడు.

"నాయనా, ఆగు!"

"నడస్తాండేది నేను కాదురా... పట్టుకో!"

నడుం పట్టుకొని వెనక్కి లాగినా. ఇద్దరం పడినాం. పడినా ఆ కాళ్ళు ఆగలేదు... గాలిలోనే అడుగులేస్తాండాయి.

పైపులు పీకి ఊరి బయట పారేసినా. ఏం లాభం? మేడం వచ్చి చూసి, "కాలు బాగా కదులుతాండాదే!" అని నన్ను మెచ్చుకుంది. ఆమెకు ఏమని చెప్పేది? నడువు నడువు అని గొంతు చించుకున్నోణ్ణి, ఇప్పుడు పొద్దు గుంకితే నేనే నాయన కాళ్ళు మంచానికి కట్టేస్తాండా. ఆయన ఏడుస్తాడు. "ఇంకా గట్టిగా కట్టురా" అంటాడు.

తెల్లారినాక విప్పుతా. ఆ కాళ్ళు మోకాళ్ళ దాకా నీళ్ళతో తడిసి ఉంటాయి.