వీపు తిప్పి నిలబడే పిల్ల

ఆ ఆదివారం ఉదయం ఇంట్లో ఐదుగురున్నారు. ముందు గదిలో, ఫొటో స్టూడియో బల్ల వెనక నాన్న. వంటింట్లో స్టవ్వు ముందు అమ్మ. వెనక గదిలో ఇంకా దుప్పటి వదలని అన్న. గుమ్మంలో, రెండు పెట్టెలు చంకన పెట్టుకుని చెప్పులు విడుస్తున్న మావయ్య. మెట్ల కింద బ్యాటరీలు సర్దుతున్న గువ్వ.

పాత డ్రోన్‌ని కూడా కలిపితే ఆరుగురు. అది మెట్ల కింద అరలో ఒక రెక్కకి నల్ల టేపు చుట్టుకుని, దెబ్బ తగిలిన మనిషిలా పడుకుని ఉంది.

"బావా, కొత్త డ్రోన్లు తెచ్చాను. రెండూ ఒకటే ధర. ఏది కావాలో తేల్చుకోండి. సాయంత్రంలోపు ఒకటి షాపుకి వెనక్కి ఇచ్చెయ్యాలి," అన్నాడు మావయ్య.

నాన్న కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. "దేనికదే చెప్పు."

"ఈ పెద్దదానికి నాలుగు వైపులా కళ్ళున్నాయి. గోడ దగ్గరికొస్తే దానంతటదే ఆగిపోతుంది. చంటిపిల్లాడికిచ్చినా పర్లేదు. కాకపోతే వెలుతురు తగ్గిందా, బొమ్మ బూడిద పోసినట్టు వస్తుంది. ఈ చిన్నది ఉంది చూశారూ, దీని కెమెరానే కెమెరా. సందెవేళ కూడా మొహాలు స్పష్టంగా కనిపిస్తాయి. కానీ పక్కలకి చూడదు. పక్కలు మనమే చూసుకోవాలి."

నాన్న చేయి చిన్న పెట్టె మీదే ఉంది. ఆయనకి వచ్చే పనులన్నీ సాయంత్రాలవే. ఏడాదిగా ఆయన కోరుకుంటున్నది అలాంటి కెమెరానే. అయినా చేయి తీసేశాడు.

"మా ఇంట్లో ఎగరేసేవాళ్ళకి కళ్ళున్నదే ఇవ్వాలిలే," అన్నాడు మెట్ల వైపు చూస్తూ.

గువ్వ బ్యాటరీ డబ్బా మూత బిగించింది. అది బిగుసుకున్నా ఇంకా తిప్పుతూనే ఉంది.

రెండు నెలల క్రితం దాకా డ్రోన్ అంటే గువ్వే. బడి నుంచి రాగానే మేడెక్కి ఎగరేసేది. ఆ చవక డ్రోన్‌కి గాలి వీస్తే నిలకడ ఉండదు. కెమెరా ముక్కుకి అతికించినట్టు ఉంటుంది కాబట్టి అది వంగితే బొమ్మా వంగుతుంది. గాలి ఎటు నుంచి తోస్తుందో చెంపతో కనిపెట్టి, అంతే మెల్లగా ఎదురు తోసి, దాన్ని ఆకాశంలో మేకు కొట్టినట్టు నిలబెట్టడం గువ్వ తనంతట తనే నేర్చుకుంది. ఇంకొకటి కూడా నేర్చుకుంది. డ్రోన్ మొహం మనవైపు తిప్పి వస్తున్నప్పుడు దాని కుడి మనకి ఎడమవుతుంది. అక్కడే అందరూ తప్పు చేస్తారు. అందుకని అది వెనక్కి వస్తుంటే గువ్వ దానికి వీపు తిప్పి నిలబడి, భుజం మీదుగా చూస్తూ దించేది. అప్పుడు దాని కుడి, తన కుడి ఒకటే.

"ఏంటే, దాంతో పేచీ పెట్టుకున్నావా? అటు తిరిగావు!" అని నాన్న నవ్వేవాడు. నవ్వుతూనే, "కొత్తది కొంటే ఏదో నువ్వే చెప్పాలి. ఎగరేసేది నువ్వేగా," అనేవాడు.

తర్వాత ఒక బడిలో ఆటల పోటీలు వీడియో తీయడానికి నలుగురూ వెళ్ళారు. నాన్న వేదిక దగ్గర ఫొటోలు తీసే పనిలో ఉన్నాడు. "ఒక్కసారివ్వవే, మా ఫ్రెండ్స్ చూస్తున్నారు," అని అన్న రిమోట్ లాక్కున్నాడు. డ్రోన్ తిరిగి వస్తూ దీపస్తంభానికి కొట్టుకుని, వరసలో నిలబడ్డ పిల్లల ముందు పడింది. ఎవరికీ తగల్లేదు. కానీ పంతులమ్మలంతా కేకలు. నాన్న పరుగెత్తుకొచ్చేసరికి రిమోట్ గువ్వ చేతిలో ఉంది. అన్నే పెట్టాడు.

"గువ్వ చేతిలో ఉంది నాన్నా," అన్నాడు.

అది నిజమే కదా, ఆ క్షణానికి. గువ్వకి నోరు పెగల్లేదు. కొత్తవాళ్ళ ముందు దానికి ఎప్పుడూ మాట రాదు. ఇంటికొచ్చాక చెబుదామనుకుంది. ఇంటికొచ్చాక ఎవరూ అడగలేదు. ఆ బడి వాళ్ళు మళ్ళీ పిలవలేదు. డ్రోన్ అన్న చేతికి, బ్యాటరీల డబ్బా గువ్వ చేతికి వచ్చాయి. ఈ సంగతి ప్రపంచంలో తనకీ అన్నకీ తప్ప ఎవరికీ తెలియదని గువ్వ నమ్మకం. అమ్మకి తెలిస్తే ఊరుకోదు కదా అనుకునేది. ఆ ఒక్క మాటతోనే ఇన్నాళ్ళూ సర్దుకుంది.

"ఆగండి బావా," అన్నాడు మావయ్య. "పాతదాన్ని ఎలా ఎగరేస్తున్నారో చూడకుండా నేను కొత్తది చేతిలో పెట్టను. నా పద్ధతి అంతే. ఎవరు ఎగరేస్తారు? గువ్వమ్మేనా?"

"వాడు. ఇకమీదట అన్నీ వాడే. ఒరేయ్, లేచావా లేదా?"

అన్న జుట్టు చేత్తో దువ్వుకుంటూ వచ్చాడు. "లేచే ఉన్నా నాన్నా. ఆలోచిస్తున్నా."

"దుప్పటి కప్పుకునా?" అన్నాడు మావయ్య. "పద హీరో, మేడ మీదకి."

మేడ తలుపు ఇనుపది. తెరిస్తే దానంతటది నిలబడదు. ఇటుక అడ్డం పెట్టారు. తీగ మీద అమ్మ ఆరేసిన దుప్పట్లు, మూలన నల్లటి నీళ్ళ ట్యాంకు. గువ్వ బ్యాటరీ వేసి, డ్రోన్‌ని నేల మీద పెట్టి పక్కకి జరిగింది. అమ్మ దుప్పట్లు తీయడానికి వెనకే వచ్చింది.

డ్రోన్ లేచింది. వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళింది. గాలికి కాస్త పక్కకి జారితే అన్న గట్టిగా లాగాడు. అది తూలింది.

"మెల్లగా రా, అది గేదె కాదు," అన్నాడు మావయ్య. "ఇప్పుడు తిప్పి, మొహం ఇటు పెట్టి తీసుకురా."

డ్రోన్ తిరిగింది. ట్యాంకు వైపు ఒరుగుతూ వస్తోంది. దాన్ని తప్పించాలని అన్న రిమోట్ కడ్డీని తోశాడు. తోసినకొద్దీ అది ట్యాంకు మీదకే వస్తోంది. గువ్వ చేతులు వాటంతటవే గాల్లోకి లేచాయి, రిమోట్ ఉన్నట్టే.

"అయ్యో, మళ్ళీ అటే తోస్తున్నావేంట్రా!" అని అరిచింది అమ్మ.

డ్రోన్ ట్యాంకు అంచుని రాసుకుని, ఆరేసిన దుప్పట్లో చుట్టుకుని కిందికి జారింది. లోపల కాసేపు గిలగిలలాడి ఆగిపోయింది.

ఎవరూ దాని దగ్గరికి వెళ్ళలేదు.

"మళ్ళీ అన్నావు," అన్నాడు నాన్న మెల్లగా. "వాడు ఎగరేస్తుంటే నువ్వు ఇంతకుముందు ఎప్పుడు చూశావు?"

అమ్మ దుప్పటి అంచు పట్టుకుంది. "ఊరికే నోటికొచ్చింది."

"ఊరికే రాదు. ఆ రోజు బడిలో నువ్వు పిల్లల వెనకే కూర్చున్నావు కదూ?"

అన్న నేల చూపులు చూస్తున్నాడు. నాన్న అన్న వైపు చూశాడు. తర్వాత గువ్వ వైపు చూశాడు. ఆయన మొహంలో ఏదో వదులైనట్టు కనిపించింది. "వీపు తిప్పుతుంది," అన్నాడు తనలో తను. "ఇది ఎప్పుడూ వీపు తిప్పి దించుతుంది. ఇది ఆ తప్పు ఎలా చేస్తుంది? నేను రోజూ చూసి నవ్వినవాణ్ణే..."

గువ్వకి నాన్న మాటలు వినిపించడం లేదు. అది అమ్మనే చూస్తోంది.

"నువ్వు చూశావా అమ్మా?"

అమ్మ చూపు అన్న మీదికి వెళ్ళింది.

"అన్న రిమోట్ నా చేతిలో పెట్టడం చూశావా?"

"చూశాను," అంది అమ్మ. "ఏం చెయ్యను అమ్మలూ! మీ నాన్న కోపంతో నెలరోజులు వాడితో మాట మానేసి, అప్పుడప్పుడే మళ్ళీ మాట్లాడుతున్నారు. ఇంకొక్క తప్పు చేశావంటే ఇంట్లోంచి పొమ్మంటానన్నారు. నువ్వంటే... నువ్వు ఏమీ అనవు కదా. నీకు రెండ్రోజులు బాధేస్తుంది, తర్వాత మర్చిపోతావనుకున్నా."

"రెండ్రోజులా?"

"నీకు అంత పట్టింపు ఉంటే చెప్పేదానివేగా అనుకున్నాను."

"నేను చెప్పనని తెలిసేగా ఊరుకున్నావు!"

గువ్వ అంత గొంతుతో మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. గువ్వే వినలేదు. దానికే భయమేసి ఒకడుగు వెనక్కి వేసింది. కానీ మాట ఆగలేదు.

"అన్న అబద్ధం చెప్పాడు. వాడికి భయం. వాడి సంగతి నాకు తెలుసు. నీకు తెలియదనుకుని నేను రోజూ నీ పక్కన పడుకున్నానమ్మా. నువ్వు నా తల నిమురుతూ, పోనీలే, అందరం తప్పులు చేస్తాం అన్నావు. నా తప్పు కాదని తెలిసి కూడా అన్నావు."

అమ్మ దుప్పటిలో మొహం పెట్టుకుంది.

"ఒరేయ్," అన్నాడు నాన్న. చేయి లేచింది.

"కొట్టకండి," అంది గువ్వ. "వాణ్ణి కొడితే నాకేం వస్తుంది? మీరూ అడగలేదు నాన్నా. ఏం జరిగింది గువ్వా అని ఒక్కసారి అడగలేదు."

లేచిన చేయి అలాగే దిగింది. మావయ్య దగ్గాడు. ఎప్పుడూ ఏదో ఒక జోకు ఉండే మనిషికి ఆ పూట దగ్గే దొరికింది.

అన్న వెళ్ళి దుప్పటి విప్పి డ్రోన్‌ని బయటికి తీశాడు. టేపు చుట్టిన రెక్క పూర్తిగా విరిగింది. దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని గువ్వ ముందు నిలబడ్డాడు.

"నేనే చెబుదామనుకున్నానే. రోజురోజుకీ ఇంకా కష్టమైపోయింది." వాడి ముక్కు ఎర్రబడింది. "నాకు ఎగరెయ్యడం రాదు. వచ్చినట్టు నటించీ నటించీ చచ్చిపోతున్నా."

గువ్వ విరిగిన డ్రోన్‌ని తీసుకుంది. పర్లేదు అనలేదు. పర్లేదు అనడం దానికి బాగా అలవాటు. ఆ రోజు అనలేదు.

నాన్న కిందికి వెళ్ళి రెండు పెట్టెలూ పట్టుకొచ్చి గువ్వ ముందు పెట్టాడు. ఆయాసపడుతున్నాడు. "ఏదో నువ్వు చెప్పు."

"కళ్ళున్నదే ఇస్తానన్నారుగా."

"నాకు లేవమ్మా కళ్ళు," అన్నాడు నాన్న. "నువ్వు చెప్పు."

గువ్వ విరిగిన డ్రోన్‌ని పక్కన పెట్టింది. తర్వాత కూర్చుని చిన్న పెట్టె దగ్గరికి లాక్కుంది.

"ఇది. మన పనులు సాయంత్రాలు. పక్కలు నేను చూసుకుంటాను."

మావయ్య పెద్ద పెట్టె మెల్లగా చంకన పెట్టుకున్నాడు. "నేను చెప్పాల్సింది గువ్వే చెప్పింది. ఇక నాకు పనేముంది? పదండి బావా, పదరా. 'బ్యాటరీ పెట్టి లేపు గువ్వా, చూద్దాం' అని ఇవాళ నేను అనను. తనే చూసుకోనిద్దాం."

నాన్న, అన్న, మావయ్య మెట్లు దిగారు. అమ్మ దిగలేదు. దుప్పట్లు మడత పెడుతున్నట్టు నిలబడింది. ఒకే దుప్పటి మళ్ళీ మళ్ళీ మడిచింది.

"అమ్మలూ."

గువ్వ కొత్త డ్రోన్ రెక్కలు విప్పి ఒక్కొక్కటే సరిచేస్తోంది.

"ఇద్దరిలో ఎవరో ఒకరు బాధపడక తప్పదంటే నేను నిన్ను ఎంచుకున్నాను," అంది అమ్మ. "నువ్వు గట్టిదానివని కాదు. నువ్వైతే సులువని. అది తప్పే."

గువ్వ కళ్ళు నిండాయి. లేచి వెళ్ళి అమ్మని పట్టుకోవాలనిపించింది. ఇప్పుడే పట్టుకుంటే ఇదంతా మళ్ళీ సర్దుకున్నట్టు అయిపోతుందని కూడా అనిపించింది. "ఇప్పుడు నన్ను ఒక్కదాన్నే ఉండనివ్వమ్మా," అంది. "మొదటిసారి ఎవరూ చూడకుండా ఎగరేస్తాను."

అమ్మ తలూపింది. చేతిలోని దుప్పటిని నేల మీద పరిచింది, కొత్తది లేవడానికి, దిగడానికి మెత్తగా ఉండేలా నాలుగు మూలలూ లాగి సరిచేసింది. గుమ్మం దగ్గర వంగి, అడ్డం పెట్టిన ఇటుక తీసింది.

"నేను ఈ మెట్ల మీదే కూర్చుంటాను. ఎవరినీ పైకి రానివ్వను. నువ్వు పిలిచినప్పుడే వస్తాను. ఇవాళ పిలవకపోయినా సరే."

రిమోట్ పట్టుకుని లేచినప్పుడు గువ్వ అమ్మకి వీపు తిప్పి, వెనక్కి వచ్చే డ్రోన్‌ని చూసినట్టే భుజం మీదుగా చూసింది.

అమ్మ ఆ చూపుని ఒక్క క్షణం అందుకుని, ఇనుప తలుపుని చప్పుడు కాకుండా మూసింది.