మెరీనా హాలు వెనక తలుపు

మెరీనా హాలు వెనక తలుపు సంగతి మా స్కార్‌హోమ్‌లో తెలియనివాళ్లు లేరు.

సముద్రం వైపు ఉంటుంది ఆ తలుపు. ఏడాదంతా నోరు మూసుకుని పడి ఉంటుంది. నవంబరులో రెండో గురువారం రాత్రి, పబ్బులు మూసే వేళకి మాత్రం... ఎవరో తట్టిన చప్పుడు. మూడు సార్లు. కాస్త ఆగి — మళ్లీ మూడు సార్లు. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం.

హాలుని బింగో ఆటకి ఇచ్చిన రోజుల్లో, అంకెలు అరిచే డోరిస్ ఒక ఏడు ఆ చప్పుడు విని చేతిలోని బంతులన్నీ నేలమీద పోసేసింది. "డెరెక్ వచ్చాడు!" అని ఎవరో అన్నారు. అంతే, జనం ముందు తలుపులోంచి పరుగో పరుగు. ఆ తర్వాత మళ్లీ ఏ ఏడూ ఆ గురువారం నాడు బింగో పెట్టనే లేదు. హాలు పాడుబడి పద్నాలుగేళ్లయినా చప్పుడు మాత్రం మానలేదు. మా ఊరివాళ్లు పిరికివాళ్లు కారు, అలాగని ఆ రాత్రి కుక్కని కూడా అటు తిప్పరు.

ఆ డెరెక్ కూతురు బెవర్లీ నాకు ఎలా చెప్పిందో అలాగే చెబుతున్నాను.

డెరెక్ ఆగ్డెన్ 'టాలో లేన్' బ్యాండులో మౌతార్గాన్ వాయించేవాడు. బ్లూస్ పాటలకి రాక్ దరువు కట్టి, ఒక డొక్కు వ్యానులో దేశమంతా తిరిగిన నలుగురు కుర్రాళ్లలో ఒకడు. 1971 నవంబరు పదకొండున సొంత ఊళ్లో, ఈ హాల్లోనే వాయించాడు. ఆ రాత్రి ఆఖరి బస్సు తప్పిపోయింది. ఇంటికి రోడ్డు వెంట ఆరు మైళ్లు, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తేలే ఇసుకమీద అడ్డదారిన రెండే. మా ఊళ్లో పుట్టినవాడెవడైనా ఇసుకనే నమ్ముతాడు, అదే మా ఖర్మ. పోటు వచ్చేలోగా దాటేస్తాననుకున్నాడు పాపం. మూడో రోజున దొరికాడు.

అప్పటికి అతని భార్య షీలాకి అయిదో నెల.

బెవర్లీ దగ్గర తండ్రి ఫొటోలున్నాయి, చొక్కా ఉంది, రెండు మౌతార్గాన్‌లున్నాయి. గొంతు మాత్రం లేదు. అదే ఆమె బాధ.

మాంచెస్టర్‌లో ఒక చిన్న రికార్డుల కంపెనీ ఆ పాత కచేరీల టేపులు వెతికి తీసి ఒక్కొక్కటే విడుదల చేస్తోంది. హల్‌లో వాయించింది, లీడ్స్‌లో వాయించింది, హాంబర్గ్‌లో వాయించింది... వచ్చినవన్నీ కొన్నది బెవర్లీ. పాటగాడు జోకులేస్తాడు, గిటారు అబ్బాయి ఎవరినో తిడతాడు. డెరెక్ నోట ఒక్క మాట రాదు. మౌతార్గాన్ అందుకునే ముందు గట్టిగా ఊపిరి పీల్చుకోవడం మాత్రం వినిపిస్తుంది. నలభై ఏడేళ్ల మనిషి, ఆ ఊపిరి దగ్గర వెనక్కి తిప్పి తిప్పి వినేది. 'కాసిని మంచినీళ్లివ్వరా' అన్నా చాలు, మా నాన్న గొంతు ఇదీ అని తెలిసేది — అనుకునేది.

కంపెనీవాళ్లకి పాటలు కావాలి. పాట కాగానే మిగతాదంతా కత్తిరించి పారేస్తారు. ఈవిడకి కావలసింది ఆ పారేసేదే.

బ్యాండులో బతికున్నది డ్రమ్స్ వాయించిన విల్ఫ్ హాల్సాల్ ఒక్కడే. డెరెక్ పోయాక మళ్లీ డ్రమ్స్ ముట్టుకోలేదు. బస్సు డ్రైవరుగా చేరి ముప్ఫయ్యేళ్లు ఆఖరి బస్సే నడిపాడు. మెరీనా హాలు దగ్గర మాత్రం అయిదు నిమిషాలు ఎక్కువ ఆపేవాడు.

"ఎవడి కోసమయ్యా ఇంకా? దెయ్యం టికెట్టు కొనుక్కుంటుందా?" అని లోపలివాళ్లు ఎకసెక్కమాడేవాళ్లు. విల్ఫ్ అద్దంలోంచి వెనక్కి చూసేవాడు.

"మా నాన్న గొంతు ఎలా ఉండేది బాబాయ్?" అని బెవర్లీ చిన్నప్పట్నించీ అడిగేది.

"జలుబు చేసినప్పుడు నీ గొంతులా ఉండేదే తల్లీ" అనేవాడు. అని, మొహం పక్కకి తిప్పుకునేవాడు.

నిరుడు హాలు పడగొడతామన్నారు. సామాన్లు తీస్తుంటే వెనక తలుపు పక్కనున్న ఇరుకు గదిలో, దుప్పటి కింద ఒక టేపు మిషను బయటపడింది. అది కచేరీలు రికార్డు చేసిన నార్మన్‌ది. పక్కన అట్టపెట్టె. పైన పెన్సిలుతో — 'టాలో లేన్, 11 నవంబరు 71, రెండో సగం.'

శుక్రవారం పొద్దున కంపెనీవాళ్లు వచ్చి పట్టుకుపోతారు. కరెంటూ అదే రోజు తీసేస్తారు. అంతకు ముందు రోజు రెండో గురువారం. బెవర్లీ విల్ఫ్‌కి ఫోను చేసింది.

ఆ రాత్రే హాల్లో కూర్చుని టేపు వింటానని చెప్పింది.

"ఆ రాత్రి అటు వెళ్లకమ్మాయ్. అసలు ఆ టేపు వినకు."

"ఎందుకు బాబాయ్?"

ఫోను పెట్టేశాడు.

చెబితే వినే రకం కాదు బెవర్లీ. పైగా ఆమెకో ఆశ ఉంది. నార్మన్ మంచి పనివాడే గాని, ఎదురుగా ఉన్న పబ్బులో మూసేముందు ఆఖరి గంట కొట్టారంటే ఆగేవాడు కాదట. గ్లాసు దొరకదేమోనని, తిరుగుతున్న మిషను కూడా ఆపకుండా రోడ్డుకడ్డం పరుగెత్తేవాడట. ఈ సంగతి నవ్వుతూ చెప్పింది విల్ఫే. ఆ రాత్రీ అలాగే పరుగెత్తి ఉంటే... పాట అయిపోయాక కూడా టేపు తిరిగి ఉంటే...

గురువారం రాత్రి తొమ్మిదిన్నరకి కౌన్సిల్ వాళ్ల తాళంచెవితో ముందు తలుపు తీసుకుని వెళ్లింది. బయట వాన. లోపల తడిసిన కర్టెన్ల కంపు. ఇరుకు గదిలో దీపం వేసి, వెనక తలుపుకి ఇనప గడియ సరిగ్గా పడి ఉందా లేదా అని రెండుసార్లు చూసుకుంది. ఊరిని నమ్మకపోయినా గడియని నమ్మాలి కదా.

టేపు తిరిగింది.

పాటలు. చప్పట్లు. మధ్య మధ్య ఆ ఊపిరి... ఆఖరి పాటలో మౌతార్గాన్ ఏడ్చినట్టే ఏడ్చి ఆగింది. జనం అరిచారు. కుర్చీలు జరిపారు. ఎక్కడో దూరాన గంట — దగ్గర్లో ఎవరో పరుగెత్తిన చప్పుడు. బెవర్లీ నవ్వింది. నార్మన్!

ఆ తర్వాత ఏమీ లేదు. ఉత్త గాలి రొద. ఒక నిమిషం... మూడు నిమిషాలు...

ఎవరో డ్రమ్స్ తాలూకు ఇత్తడి పళ్లేన్ని సంచిలో పెట్టిన చప్పుడు. అంటే హాల్లో ఎవరో ఉన్నారు.

టక్. టక్. టక్.

బెవర్లీ వెనక తలుపు వైపు చూసింది. అది కదల్లేదు. చప్పుడు టేపులోది.

టక్. టక్. టక్.

"విల్ఫ్... ఒరేయ్ విల్ఫూ. తలుపు తీయరా, చలికి చస్తున్నాను."

తలుపు వెనకనుంచి వచ్చే గొంతు. కాస్త బొంగురుగా, జలుబు చేసినట్టుగా. నలభై ఏడేళ్లకి విన్నది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది — తన ఏడుపుకి అతని మాట వినిపించకుండా పోతుందని.

"బేకరీలో చేరతానంటే ఇంత కోపమేంట్రా? సరే, అలుగు. కొత్త పెళ్లికూతురిలా అలుగు." నవ్వు. "చూడు, ఈ గోల రేపు తేల్చుకుందాం, నిన్ను వదిలి నేనెక్కడికి పోతాన్లే. పుట్టేది మగపిల్లాడైతే నీ పేరే పెడతా. ముక్కు మాత్రం నీది రాకూడదని దేవుడికి మొక్కుకో... బాగానే ఉంది రాత్రి, నడిచి పోతాలే. పడుకో."

అడుగుల చప్పుడు దూరమైంది. లోపల ఎవరూ కదల్లేదు, గడియ తీయలేదు. టేపు చివర ఊడి రీలు గాలికి టపటపా కొట్టుకుంది. ఆమె మిషను ఆపింది.

ఏడుస్తోంది, నవ్వుతోంది. తనేం చేస్తోందో తనకే తెలియడం లేదు. అప్పుడు —

టక్. టక్. టక్.

మిషను వైపు చూసింది. రీలు ఆగే ఉంది.

టక్... టక్... టక్.

ఈసారి చప్పుడు తలుపుదే. పాత చెక్క అదిరి దుమ్ము రాలింది. పారిపోవాలి, కాళ్లు ముందు తలుపు వైపే లాగుతున్నాయి. కానీ ఆ వేలి దెబ్బల వరస ఇప్పుడే విన్నదే. దెయ్యమైతే మాత్రం ఏం, మా నాన్నే కదా... ఒకసారి ఎవరూ తీయలేదు. మళ్లీ తీయకపోతే?

"నాన్నా?" అంది గుసగుసగా.

తుప్పుపట్టిన గడియని రెండు చేతులా పట్టి లాగింది. రాలేదు. చెప్పు మడమతో కొట్టి లాగింది. తలుపు తెరుచుకుంది.

వానలో ఒక ముసలాయన. టోపీ చేతిలో ఉంది, నెత్తిమీంచి నీళ్లు కారుతున్నాయి. తలుపు తెరుచుకోగానే కెవ్వున కేకేసి మెట్టుమీద కూలబడ్డాడు.

విల్ఫ్!

"ఎ... ఎవరు తీశారు? ఇన్నేళ్లూ ఎవరూ తీయలేదే..."

"బాబాయ్! నువ్వా? ఊరంతా ఇన్నాళ్లూ వింటున్నది... నువ్వా?"

అతను తల ఎత్తలేదు. "లోపలున్నది నేనేనమ్మా ఆ రాత్రి. డ్రమ్ములు సర్దుకుని అందరికన్నా ఆఖర్న పోయేది నేనేగా. వాడు బ్యాండు వదిలేస్తానన్నాడు. సిగరెట్టు కాల్చుకోడానికి బయటికెళ్తే గడియ పెట్టేశాను. కొట్టాడు. విన్నాను. ఆ డ్రమ్ముల హోరుకి చెవులు దిమ్మెక్కి వాడేమన్నాడో వినపడలేదు. తిట్టుంటాడు. శపించుంటాడు... తిక్క తగ్గి తలుపు తీసేసరికి ఎవరూ లేరు. బస్సెక్కి పోయాడనుకున్నాను."

ముక్కు తుడుచుకున్నాడు. "ఏడాదికోసారి వచ్చి, వాడు నిలబడ్డ చోట నిలబడి కొడతానమ్మా. తలుపు తీయకపోతే ఎలా ఉంటుందో నాకూ తెలియాలిగా."

బెవర్లీ చెయ్యి ఇంకా గడియమీదే ఉంది. ఈ మనిషి ఒక్కసారి లేచి నాలుగడుగులు వేసి ఉంటే నాకు నాన్న ఉండేవాడు — అనుకుంది. ఆ తలుపు అతని మొహాన మళ్లీ వేసేయాలనిపించిందట. ఆ మాట నాకు దాచకుండా చెప్పింది.

వాన కురుస్తూనే ఉంది. ముసలాయన వణుకుతున్నాడు.

"లోపలికి రా బాబాయ్" అంది చివరికి. "తడుస్తున్నావు."

"నేనా?"

"నీకు మా నాన్న ఓ మాట చెప్పాడు. వచ్చి విను."

చెయ్యి పట్టి లేవనెత్తి మిషను ముందు కూర్చోబెట్టింది. టేపు వెనక్కి తిప్పింది. టక్, టక్, టక్ అనగానే విల్ఫ్ రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. ఆమె ఆ చేతులు పట్టుకుని మెల్లిగా కిందికి దించింది.

చలికి చస్తున్నానన్నాడు డెరెక్. అలగమన్నాడు. నవ్వాడు. మగపిల్లాడైతే నీ పేరే పెడతానన్నాడు.

డెబ్బై నాలుగేళ్ల విల్ఫ్ మిషను మీదికి వంగి, పక్కనున్న మనిషితో చెప్పినట్టు చెప్పాడు.

"ఆడపిల్లరా డెరెక్... ఆడపిల్ల పుట్టింది. తలుపు అదే తీసింది."