పసుపు తీగకు రెండో అతుకు

గురువారం ఉదయం ఏడూ ఇరవైకి కళ్ళజోళ్ళ షాపు యజమానికి గుండెనొప్పి వచ్చింది.

ఏడున్నరకల్లా భార్య అతన్ని నానా తంటాలు పడి కారు వెనకసీట్లోకి చేర్చి, ముందుకొచ్చి తాళం తిప్పింది. టక్‌మంది. మళ్ళీ తిప్పింది. ఈసారి ఆ టక్ కూడా లేదు.

ఆసుపత్రి ఆరు నిమిషాల దూరం. అంబులెన్స్ వచ్చేసరికి ఎనిమిదీ అయిదు. అప్పటికే మనిషి సీట్లోనే పోయాడు. యాభై రెండేళ్ళు.

మర్నాడు అతని తమ్ముడు స్టేషన్‌కొచ్చి ఇది హత్యేనని రాసిచ్చాడు.

ఇన్‌స్పెక్టర్ ఆ రెండు రోజులూ సెలవులో ఉంది. శనివారం వచ్చి చూసేసరికి సబ్ ఇన్‌స్పెక్టర్ సగం కేసు తేల్చేసి కూర్చున్నాడు. ఆ చావుకి పది రోజుల ముందు కారుకి కొత్త స్టీరియో బిగించిన మేస్త్రీ లాకప్‌లో ఉన్నాడు. అతని షాపు అద్దాలు ఎవరో పగలగొట్టారు. అనుమానితుల్లో తరవాతి పేరు పోయినాయన భార్యది.

ఇన్‌స్పెక్టర్ మొదట తమ్ముణ్ణి పిలిచింది.

"హత్య అని ఎలా అంటున్నారు?"

"బాటరీ కొని ఏడు నెలలే అయింది మేడమ్. స్టీరియో పెట్టాకే చచ్చింది."

"పెట్టించమన్నది ఎవరు?"

"మా వదిన. పట్టుబట్టి పెట్టించింది."

"అన్నా వదినలకి పడేదా?"

"ఆదివారం పెద్ద గొడవైంది. అన్నయ్య కారు తాళం బీరువాలో పెట్టేశాడు."

"గొడవ దేనికి?"

అతను తల దించుకున్నాడు. దించుకునే అనవలసింది అనేశాడు. "స్కూల్లో ఆవిడ పని నాలుగింటికి అయిపోతుంది. ఇంటికొచ్చేది ఆరింటికి. ఆ రెండు గంటలూ ఎక్కడుంటుందో ఆ మేస్త్రీనే అడగండి."

ఆమె లాకప్ దగ్గరికి వెళ్ళింది. మేస్త్రీ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఎడమ చెంప వాచి ఉంది. ఎవరు కొట్టారని ఆమె అడగలేదు. సబ్ ఇన్‌స్పెక్టర్ వైపు ఒకసారి చూసింది, అంతే.

"స్టీరియో వల్ల బాటరీ దిగిపోతుందా?"

"తప్పుగా కలిపితే దిగిపోతుంది మేడమ్. ఎర్రతీగలో తాళం తిప్పితేనే కరెంటు వస్తుంది. పసుపు తీగలో ఎప్పుడూ ఉంటుంది, గడియారం ఆగకుండా. ఆ రెండూ తారుమారు చేస్తే కారు ఆపినా స్టీరియో నిద్రపోదు."

"నువ్వు తారుమారు చేశావా?"

"ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ప్రతి అతుకూ టంకం వేసి గొట్టం తొడుగుతాను. విప్పి చూడండి."

"ఆవిడతో నీకు పరిచయం ఎంత?"

"రెండుసార్లు వచ్చారు. పాట స్పష్టంగా వినపడాలి, అదొక్కటే కావాలన్నారు." వాచిన చెంప తడుముకున్నాడు. "నా భార్య నిన్న నన్ను చూడ్డానికి రాలేదు మేడమ్. ఊళ్ళో మాట ఆమె చెవిన కూడా పడినట్టుంది."

సాయంత్రం నాలుగున్నరకి ఇన్‌స్పెక్టర్ పోయినాయన ఇంటికి వెళ్ళింది. భార్య వంటింట్లో ఒకే గ్లాసు మళ్ళీ మళ్ళీ కడుగుతోంది.

"కారు చివరిసారి ఎప్పుడు తీశారు?"

"ఆదివారం. సాయంత్రం అయిదున్నరకి తెచ్చి పెట్టాను. తాళం ఆయన తీసేసుకున్నారు. మూడు రోజులు బస్సులో వెళ్ళాను."

"మరి గురువారం తాళం మీ చేతికెలా వచ్చింది?"

"బుధవారం ఆయనే తెచ్చి మేకుకి తగిలించారు. ఏమీ అనలేదు. అన్నం కూడా సగంలోనే లేచిపోయారు."

"నాలుగు నుంచి ఆరు దాకా ఎక్కడుంటారు?"

గ్లాసు ఆగింది. "వాటర్ వర్క్స్ గోడ వెనక. కారులో. ఒక్కదాన్నే."

"ఏం చేస్తారు?"

"తప్పేమీ చేయను."

"నేనడిగింది అది కాదు."

"ఆయనకే చెప్పలేదు మేడమ్. మీకు చెప్పి ఇప్పుడు ఏం బావుకుంటాను?"

సోమవారం పదిన్నరకి పోలీసు గ్యారేజీ ఆవరణలో అందరూ నిలబడ్డారు. భార్య, తమ్ముడు, బేడీలతో మేస్త్రీ, సబ్ ఇన్‌స్పెక్టర్. గ్యారేజీ మెకానిక్ ముసలాయన. అవసరమైతే తప్ప ఎవరితోనూ మాట్లాడడు. బాటరీని పూర్తిగా ఛార్జ్ చేసి, తలుపులన్నీ మూసి, ఇరవై నిమిషాలు ఆగాడు. బాటరీ తీగ విప్పి మధ్యలో మీటర్ పెట్టాడు.

"సున్నా పాయింట్ నలభై ఆంప్స్."

"ఎంత ఉండాలి?"

"సున్నా పాయింట్ సున్నా అయిదు దాటకూడదు. ఈ లెక్కన నాలుగో రోజుకి కారు కదలదు."

ముసలాయన స్టీరియో ఫ్యూజు పీకాడు. మీటర్ ఒక్కసారిగా సున్నా పాయింట్ సున్నా రెండుకి పడిపోయింది.

"చూశారుగా," అన్నాడు తమ్ముడు. "స్టీరియోనే."

"శుక్రవారం మేమూ ఇదే చూశాం మేడమ్," అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టర్. "ఇక్కడే తేలిపోయింది."

"ఇక్కడ ఆగిపోయారు," అంది ఆమె. "ఆ ఫ్యూజు మళ్ళీ పెట్టండి."

పెట్టారు. మళ్ళీ నలభై.

"ఇప్పుడు ఫ్యూజు ముట్టుకోకండి. స్టీరియోని బయటికి లాగి, దాని వెనక సాకెట్ ఊడదీయండి."

ముసలాయన స్టీరియోని ఊడదీసి సీటు మీద పెట్టాడు. ఇప్పుడు దానికి ఏ తీగా తగలడం లేదు. మీటర్ చూసి కళ్ళజోడు సరిచేసుకున్నాడు.

"సున్నా పాయింట్ ముప్ఫై తొమ్మిది."

మేస్త్రీ గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది. ఏడుపో నవ్వో తెలియలేదు.

"ఫ్యూజు పీకితే ఆ లైను మీద ఉన్నవన్నీ ఆగిపోతాయి," అంది ఇన్‌స్పెక్టర్. "స్టీరియో ఒక్కటే ఉందని మీరే అనుకున్నారు. ఆ పసుపు తీగ చూడండి."

ఒకచోట టంకం వేసిన అతుకు, మీద నల్ల గొట్టం. దానికి జానెడు వెనక ఇంకో అతుకు. తీగలు మెలిపెట్టి ప్లాస్టిక్ టేపు చుట్టేశారు.

"రెండోది నాది కాదు," అన్నాడు మేస్త్రీ మెల్లగా.

ఆ తీగ పట్టుకుని ముసలాయన డాష్‌బోర్డు కిందికి చెయ్యి పోనిచ్చాడు. అగ్గిపెట్టె అంత నల్లపెట్టె చేతికొచ్చింది. దానికి చిన్న మైకు. లోపల సిమ్ కార్డు.

ఇన్‌స్పెక్టర్ నంబరు ఫోన్లో చెప్పింది. పన్నెండుకి అయిదు నిమిషాలుందనగా జవాబొచ్చింది. ఆమె తమ్ముడి వైపు తిరిగింది.

"సిమ్ మీ పేరు మీద ఉంది."

"అన్నయ్యే అడిగాడు మేడమ్. ఏడ్చాడు. కారు ఎక్కడికెళ్తుందో తెలుసుకోవాలన్నాడు. కొని తెచ్చాను."

"బిగించింది ఎవరు?"

"నేనే," అన్నాడు. "స్టీరియో పెట్టిన మర్నాడు. చవకరకం. ఇంత కరెంటు తాగుతుందని నాకు తెలీదు."

"ఆదివారం అయిదున్నర నుంచి గురువారం ఏడున్నర దాకా ఎనభై ఆరు గంటలు. బాటరీ మొత్తం తాగేసింది. మీ అన్నని ఎవరూ చంపలేదు. కారు కదలకుండా చేసింది మాత్రం మీ అన్నదమ్ములిద్దరే. తెలియక తప్పుడు కేసు పెట్టారనుకుందాం. మరి ఆ నల్లపెట్టె సంగతి ఎందుకు దాచారు?"

తమ్ముడు వదిన వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

"అందులో ఏముంది?" అంది భార్య. అంతసేపట్లో ఆవిడ మాట్లాడింది అదే మొదలు.

"నిన్న మీ ఆయన ఫోన్ చూశాను. కారు ఆగిన చోటు రోజూ చూశారు. అందుకే ఆదివారం గొడవ. ఆ పెట్టె పంపిన రికార్డింగులు ఆరున్నాయి, ఒక్కోటి అరగంట. బుధవారం దాకా తెరవలేదు. భయపడి ఉంటారు. ఆ మధ్యాహ్నం షాపు మూసుకుని కూర్చుని ఆరూ విన్నారు."

"ఆరూ?"

"మొదటి నుంచి చివరి దాకా. నేనూ విన్నాను. వేరే మనిషి గొంతు ఎక్కడా లేదు. మీరు స్టీరియోతో కలిసి పాడుతున్నారు. తప్పు పోయినచోట ఆపి మళ్ళీ మొదలుపెడుతున్నారు."

భార్య కారు తలుపు పట్టుకుని నిలబడింది.

"పెళ్ళయిన కొత్తలో వంటింట్లో పాడితే గొంతు బాగోలేదన్నారు," అంది. "నలుగురూ నవ్వుతారన్నారు. ఇరవై ఆరేళ్ళు నోరు మూసుకున్నాను. ఎవరికీ వినపడని చోటు వెతుక్కున్నాను."

ఇన్‌స్పెక్టర్ మేస్త్రీ బేడీలు తీయించింది. అతను మణికట్లు రుద్దుకుంటూ అడిగాడు. "షాపు అద్దాలు పోతే పోనీయండి మేడమ్. మా ఆవిడకి మీరొక్క మాట చెబుతారా?"

"వస్తాను," అంది ఆమె.

తమ్ముడు రెండడుగులు ముందుకేశాడు. "వదినా..."

ఆవిడ అతన్ని చూడలేదు. ఇన్‌స్పెక్టర్‌తోనే చెప్పింది.

"అంబులెన్స్ కోసం చూస్తున్నప్పుడు ఆయన తల నా ఒళ్ళో ఉంది. 'కారులో... కారులో...' అన్నారు. ఇంకేదో చెప్పబోయారు. కారు కదల్లేదని తిడుతున్నారనుకున్నాను. ఇప్పుడు కూడానా నన్ను అనడం అని పైకే విసుక్కున్నాను. ఆయన విన్న ఆఖరి మాట అదే మేడమ్."

ముసలాయన మీటర్ తీగలు చుట్టి సంచీలో పెట్టుకుని, కారు తలుపు చప్పుడు కాకుండా మూశాడు.