చంద్లాపూర్ గుట్టల్లో హాకా

దడ్... దడ్... దడ్!

ఉప్పలయ్య పరుగు ఆగిపోతుంది.

డప్పులు! ఒకటి కాదు, రెండు కాదు. గుట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా డప్పులే!

ఎండ మాడ్చేస్తోంది. బండలు కాలుతున్నాయి. కాళ్లకు చెప్పుల్లేవు. పొద్దుటి నుంచి గొంతులో చుక్క నీరు పడలేదు.

వెనక్కి తిరిగి చూస్తాడు.

మోదుగ పొదల పైన దుమ్ము లేస్తోంది. దుమ్ములో మనుషులు... వరసగా... ఒకరి చెయ్యి ఒకరికి అందేంత దగ్గరగా... గుట్ట ఎక్కి వస్తున్నారు.

అర్థమైంది.

హాకా!

డప్పులు కొట్టి, కేకలు పెట్టి, అడవి జంతువును తుపాకి ముందుకు తరమడం. దొరల షికారులో ఏటా జరిగేదే. ఉప్పలయ్య కూడా ఎన్నోసార్లు డప్పు పట్టుకుని ఆ వరసలో నడిచాడు. కానీ ఇవాళ జంతువు అతనే!

మరి ముందు ఏముంది?

ఎండిపోయిన వాగు. వాగు ఒడ్డున ఎత్తైన బండ. బండ మీద మంచె. మంచె మీద తెల్ల టోపీ.

చిన్నదొర!

ఉప్పలయ్య పొదలో బోర్లా పడిపోతాడు. ముళ్లు గుచ్చుకుంటాయి. పట్టించుకోడు. లోపల మండుతున్న మంట ముందు ఇవి ఎంత!

ఎండాకాలం వస్తే చిన్నదొర ఊటీ వెళ్లేవాడు. ఈసారి యుద్ధం. రైళ్ల నిండా సిపాయిలు. అందుకని పట్నం దోస్తును వెంటేసుకుని చంద్లాపూర్ గుట్టల నుంచి బెజ్జంకి గుట్టల దాకా నడిచి వెళ్తానన్నాడు. సైరు... సరదా నడక! ఊళ్లోవాళ్లు ఎండుపుల్ల ఏరుకున్నా వీపు చీరేసే షికారు అడవి అది. ఆయనకు మాత్రం పూలతోట!

ఆయన చేతికర్ర ఊపుకుంటూ నడుస్తాడు. మరి మంచాలు, పరుపులు, గుడారాలు, గ్రామఫోను పెట్టె మోసేదెవరు?

వెట్టివాళ్లు!

ఉప్పలయ్య, ఇస్తారి. ఇద్దరూ పక్క పక్క ఇళ్లవాళ్లు. చావైనా పెళ్లైనా డప్పు కొడితే జంటగా కొట్టాల్సిందే.

ఈ పొద్దున ఎక్కుడు దారిలో ఇస్తారికి కళ్లు తిరిగాయి. మోస్తున్న పెట్టె దించి కూలబడ్డాడు. తల పైన, కొమ్మకు, దొర తోలుతిత్తి వేలాడుతోంది. నీళ్లు! ఇస్తారి చెయ్యి చాపాడు. తిత్తి మూతి నోట్లో పెట్టుకున్నాడు.

“నా నీళ్లకు నోరు పెడ్తవారా!”

ఢాం!

అంతే! ఇస్తారి మళ్లీ లేవలేదు.

పట్నం దోస్తు అప్పటికి ఎక్కడో వెనక పిట్టల్ని చూస్తూ ఆగిపోయాడు. అతనికి ఏమీ తెలియదు. చూసింది ఇద్దరే. దొర జవాను సాంబయ్య... ఉప్పలయ్య. తుపాకి గొట్టం తన వైపు తిరగగానే ఉప్పలయ్య గుట్ట అంచు మీంచి కిందికి దూకేశాడు.

“సాంబిగా! వాడు ఊర్లకు పోవద్దు!”

ఆ కేక ఇంకా చెవుల్లో గింగురుమంటోంది.

పోవాలి. పోయి తీరాలి! ఇస్తారి తండ్రి దుబ్బయ్య ముందు నిలబడి, నీ కొడుకును చంపింది ఫలానా అని చెప్పాలి. చెప్పకుండా చస్తే ఇస్తారి ఉత్తపుణ్యానికి పోయినట్టే. ఆ నిజం మోస్తున్నది ఈ భూమ్మీద తానొక్కడే. సాంబయ్య చచ్చినా నోరు విప్పడు.

దడదడదడదడ!

డప్పులు దగ్గరికొచ్చేశాయి.

ఉప్పలయ్య చెవులు రిక్కిస్తాడు. అన్నిట్లోకి ఒక డప్పు విడిగా మోగుతోంది. పిచ్చిగా... తోలు పగిలిపోయేలా...

ఆ చెయ్యి అతనికి తెలుసు. డప్పు పట్టుకోవడం నేర్పిందే ఆ చెయ్యి.

దుబ్బయ్య!

ఒళ్లంతా భగ్గుమంటుంది. తన దుబ్బయ్య కాకే తనను తరుముతున్నాడా? కొడుకును చంపినవాడి తుపాకి ముందుకే తోలుతున్నాడా? దొర ఎంత ఇస్తానన్నాడో! ఎట్లా బెదిరించాడో! థూ!

అప్పుడు వరస వెనక నుంచి సాంబయ్య గొంతు లేస్తుంది.

“గట్టిగ కొట్టుర్రి! ఇస్తారిని చంపి ఈడ్చుకపోయింది గదే! ఉప్పలిగాన్ని గూడ గుంజుకపోయింది! ఇయ్యాల గా చిరుతను ఇడువద్దు!”

చిరుత!

ఉప్పలయ్య పొదలోంచి తల ఎత్తుతాడు.

ఓరి దొంగ నాయాళ్లు! ఎంత పెద్ద అబద్ధం ఆడారు! అక్కడ డప్పు పగలగొడుతున్నది డబ్బుకు కాదు, భయానికి కాదు. కొడుకును తిన్న చిరుత మీద కోపంతో ఆ ముసలాయన గుట్ట ఎక్కుతున్నాడు!

“కాకా!”

అరిచాననుకున్నాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ అరిచాడు. బుస్సుమని శబ్దం. నాలుక అంగిలికి అంటుకుపోయింది. దాహం గొంతును తినేసింది!

మంచె మీంచి మాటలు వినిపిస్తున్నాయి.

“యార్! నువ్వు కింద వాగు మూతి కాడ కూసో!” చిన్నదొర కేకేస్తున్నాడు. “నన్ను తప్పించుకుంటే చిరుత గాడికే వస్తది. పొద కదిలిందా... ఫైర్! ఏందో అని చూసుకుంట నిలబడకు. మీదికి దుంకుతది!”

“అచ్ఛా! అచ్ఛా!” పట్నం దోస్తు గొంతు వణుకుతోంది. ఎండుటాకుల మీద అతని బూట్ల చప్పుడు కిందికి పోతోంది.

అతనికీ అదే అబద్ధం! అందరికీ అదే!

ముందు ఒక తుపాకి. కింద ఇంకో తుపాకి. వెనక సొంత మనుషులు... పొదలో ఏది కదిలినా చిరుతే అనుకునేవాళ్లు. ఉప్పలయ్య పిడికిలితో నేలను గుద్దుతాడు.

ఉన్నట్టుండి డప్పులు ఆగిపోతాయి.

నిశ్శబ్దం!

హాకాలో పద్ధతి అది. కొంత దూరం కొట్టుకుంటూ వచ్చాక అందరూ ఒక్కసారిగా ఆపుతారు. ఎండుటాకుల అలికిడి వింటారు. జంతువు ఎటు కదులుతోందో దాన్నిబట్టే తెలుస్తుంది. ఆ తర్వాత మళ్లీ మొదలు.

ఉన్నది ఈ కాస్త వ్యవధే!

పక్కన పిడుగు పడి ఎండిపోయిన మాను. లోపలంతా తొర్ర. ఉప్పలయ్య చేతికి దొరికిన రెండు పుల్లలు విరుస్తాడు. కొడితే దొరకూ వినిపిస్తుంది. తుపాకి ఇటే తిరుగుతుంది. తిరగనీ!

టక్... టకటక్... టక్! టక్... టకటక్... టక్!

ఇస్తారి ఎత్తుడు అది. డప్పు అందుకోగానే ఇస్తారి వేసే మొదటి దెబ్బలు. వాళ్ల ఇళ్లల్లో ఒక కట్టుబాటు ఉంది. డప్పు కొట్టేవాడు చనిపోతే అతని జంటవాడు ముందు ఆ ఎత్తుడు వేసి, తర్వాత చావు దెబ్బ అందుకుంటాడు. ఇంకెవరూ దాన్ని ముట్టుకోరు. కన్నతండ్రి కూడా!

ఢాం!

మాను పెచ్చు ఎగిరి ఉప్పలయ్య చెంప చీరుకుపోతుంది.

కాల్చు! ఇంకా కాల్చు! ఉప్పలయ్య ఆపడు. చావు దెబ్బ అందుకుంటాడు. ఇస్తారీ... ఇది నీకేరా!

ఢాం!

భుజం మీద మండే కొరివి పెట్టినట్టయింది. ఒక పుల్ల జారిపోయింది. మిగిలిన పుల్లతోనే కొడతాడు.

“ఆగుర్రి!” వరసలోంచి దుబ్బయ్య గొంతు. “గది ఉప్పలిగాని చెయ్యి! పోరడు బతికున్నడు!”

“ఏం లేదు! కొట్టుర్రి! ముంగటికి నడువుర్రి!” సాంబయ్య లాఠీ ఝళిపిస్తున్నాడు.

“చిరుత గుంజుకపోయిందంటివి గదరా! చిరుత చావు దెబ్బ కొడ్తదారా?”

పొదలు విరుచుకుంటూ దుబ్బయ్య వచ్చి పడతాడు. ఉప్పలయ్య మొహం చూస్తాడు. నెత్తురు చూస్తాడు. నడుముకు కట్టుకున్న సొరబుర్ర విప్పి నోట్లో నీళ్లు పోస్తాడు.

గొంతు తడిసింది. పొలమారింది. మాట వచ్చింది!

“చిరుత గాదు కాకా. చిన్నదొర! తుపాకితోని కాల్చిండు.”

దుబ్బయ్య సొరబుర్ర దించుతాడు. చుట్టూ వరసలోవాళ్లు మూగుతారు.

“ఎందుకు?”

“తిత్తిల నీళ్లు తాగిండని.”

“ఎన్ని నీళ్లు తాగిండు?”

“రెండు గుక్కలు, కాకా.”

దుబ్బయ్య చేతిలోని సొరబుర్ర వైపు చూస్తాడు. ఆ ముసలి మొహం నల్లబడిపోతుంది. ఏడవడు.

సాంబయ్య మెల్లగా వెనక్కి జారుతున్నాడు. నలుగురు మీద పడి, తలపాగా విప్పి, దాంతోనే కాళ్లూ చేతులూ కట్టేశారు. “నా తప్పేం లేదు! దొర చెప్పుమన్నడు!” అని ఏడుపు లంకించుకున్నాడు. అందరికీ ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

“చిన్నదొరను నరుకుదాం కాకా!” ఉప్పలయ్య లేస్తాడు. “ముక్కలు ముక్కలు నరుకుదాం!”

“వద్దు!”

“ఏంది వద్దు? నీ కొడుకు కాకా! నీ కొడుకు!”

“నా కొడుకేరా!” దుబ్బయ్య అతని మెడ పట్టుకుని ఊపేస్తాడు. “గందుకే చెప్తున్న! వాన్ని నరుకుతే నోరు మూసుకపోతది. రేపు చిరుతే చంపిందని కాయితం రాసుకుంటరు. గా నోటితోనే చెప్పాలె. సిద్దిపేట కచేరి ముందట, జనం ముందట, నేనే చంపిన అని చెప్పాలె! పానంతోని పట్టుకోవాలె!”

డప్పు ఎత్తి పట్టుకుంటాడు.

“హాకా కాలేదు! కొట్టుర్రి!”

దడ్! దడ్! దడ్! దడ్!

ఈసారి మోత వేరు. గుట్ట అదిరిపోతోంది! ఉప్పలయ్య చేతికి ఎవరో డప్పు ఇచ్చారు. భుజం నుంచి నెత్తురు కారుతూనే ఉంది. వరసలో దుబ్బయ్య పక్కన, ఇస్తారి జాగాలో నడుస్తున్నాడు.

వరస రెండు కొసలూ ముందుకు వంగుతున్నాయి. మంచెను చుట్టేస్తున్నాయి.

“ఏయ్! ఎటు వస్తున్రు! ఆపుర్రి!”

చిన్నదొర మంచె మీద లేచి నిలబడ్డాడు. ఆ మాట డప్పుల్లో కలిసిపోయింది.

“ఆపుర్రి అంటున్న! తోలు తీస్త!”

ఎవరూ ఆగలేదు. పుట్టి బుద్ధెరిగాక చిన్నదొర మాట వినబడనిది ఇదే మొదటిసారి!

తుపాకి మడిచి తూటా కుక్కుతున్నాడు. ఒక తూటా జారి బండ మీద దొర్లిపోయింది. ఇంకోటి పెట్టి గురి చూడకుండానే పేల్చాడు.

ఢాం!

ఒకతని డప్పు తోలు చిరిగిపోయింది. అతను డప్పు తిప్పి పట్టుకుని అంచు మీద కొడుతూ నడుస్తున్నాడు!

ఇక చిన్నదొర వల్ల కాలేదు. తుపాకి పారేశాడు. టోపీ ఎగిరిపోయింది. మంచె మీంచి బండ మీదికి, బండ మీంచి వాగులోకి దూకాడు. పడ్డాడు. లేచాడు. పొదల్లో పడి పరుగు...

“ఉరుకు! ఉరుకురా కొడుకా!” ఉప్పలయ్యకు నవ్వొస్తోంది. ఏడుపొస్తోంది. “నీళ్లు గావాల్నా దొరా? దూప అయితుందా?”

వాగు వెంట కిందికి... కిందికి...

ఉప్పలయ్య నవ్వు ఆగిపోతుంది.

వాగు మూతి!

అక్కడ తుపాకి ఉంది!

“కాకా! పట్నం దొర! పొద కదిలితే కాల్చుమని చెప్పిండు! ఆపుమను! డప్పులు ఆపుమను!”

దుబ్బయ్యకు వినిపించలేదు. ఉప్పలయ్య ముసలాయన చెయ్యి పట్టి గుంజి, చెవిలో అరిచాడు. దుబ్బయ్య కళ్లు పెద్దవయ్యాయి. రెండు చేతులూ పైకెత్తాడు.

డప్పులు ఒక్కొక్కటే ఆగుతున్నాయి...

“చిన్నదొరా! అటు పోకు! ఆగు!” ఉప్పలయ్య గొంతు చించుకుని అరుస్తున్నాడు.

చిన్నదొర ఆగడు. ఆ గొంతు వింటే ఎందుకు ఆగుతాడు? ఇంకా జోరుగా ఉరుకుతున్నాడు.

అడవంతా నిశ్శబ్దం. కింద, వాగు మూతి దగ్గర, పొద గలగలా కదిలింది.

ఢాం!

“పడింది! యా ఖుదా, పడిపోయింది! నేనే కొట్టిన!” పట్నం దోస్తు సంతోషం పట్టలేక గంతులేస్తున్నాడు. దగ్గరికి వెళ్లడానికి మాత్రం ధైర్యం చాలక, బండ చాటు నుంచే అరుస్తున్నాడు. “జల్దీ రండి! జల్దీ!”

అందరూ దిగి వచ్చారు. పొద దగ్గర ఆగారు.

దుబ్బయ్య వంగి చూశాడు. చేతిలో డప్పు కొట్టే చిర్రను నేలకేసి కొట్టాడు. అప్పుడు ఏడ్చాడు. పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా ఒక్కసారి బయటపడింది.

“గా నోరు నాకు గావాలె ఉండె! గా నోటితోని ఒక్క మాట... ఒక్క మాట గావాలె ఉండె!”

ఇంతమంది జనాన్ని చూసి పట్నం దోస్తుకు ధైర్యం వచ్చింది. పొగ కక్కుతున్న తుపాకి భుజాన వేసుకుని, మొహమంతా నవ్వుతో, జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

“హటో, హటో! ముందు నేను చూడాలె! ఏది? చిరుతేది?”

ఉప్పలయ్య పొద కొమ్మలు పక్కకు వంచి పట్టుకున్నాడు.

“గదే, దొరా.”